కింద రాసుకున్నదే పైన చెల్లుతుంది: కిలిమంజారో ఎక్కడం, కొట్టు నడపడం ఎలా

గుంటూరులో మాది మిఠాయి కొట్టు. నాన్నగారి తర్వాత నా చేతికొచ్చింది. నలభై ఆరో ఏట నేను కిలిమంజారో ఎక్కాను. అంతకు రెండేళ్ల ముందు హైదరాబాద్‌లో ఒక బ్రాంచి తెరిచి, పద్నాలుగు నెలలు నడిపి, మూసేశాను. నిజానికి ఆరో నెలలోనే మూయాల్సింది. ఎందుకు మూయలేకపోయానో కొండ మీద, సుమారు 4600 మీటర్ల ఎత్తున, లావా టవర్ అనే నల్లరాతి గుట్ట కింద కూర్చున్నప్పుడు తెలిసింది. తలనొప్పి మరిచిపోదామని, అక్కర్లేకుండా నడిపిన ఆ ఎనిమిది నెలల అద్దెను మనసులో కూడబోయాను. మూడుసార్లు కూడితే మూడు మొత్తాలు వచ్చాయి. దీపావళి రద్దీలో కూడా కాలిక్యులేటర్ ముట్టకుండా బిల్లు చెప్పేవాణ్ణి నేను!

కొండ ఎక్కితే పట్టుదల పెరుగుతుందని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నా బ్రాంచి మునిగింది పట్టుదల లేక కాదు, ఎక్కువై. కాబట్టి నేను చెప్పేది వేరే సంగతి. గాలి ఆడని చోట బుర్ర పనిచేయదు. అక్కడ అవసరమయ్యే నిర్ణయాలన్నీ గాలి బాగా ఆడే చోటే తీసుకుని కాగితం మీద పెట్టుకోవాలి. మీరు ఎక్కబోయేది కొండైనా, తెరవబోయేది రెండో కొట్టైనా, వరస మాత్రం ఇదే.

ముందు రోజులు కొనండి

కిలిమంజారో టాంజానియాలో ఉంది. ఆఫ్రికాలో ఎత్తైన కొండ, కొస ఉహురు శిఖరం, 5895 మీటర్లు. తాళ్లు, మంచు గొడ్డళ్లు అక్కర్లేదు, నడిచే ఎక్కవచ్చు. అందుకే మనవాళ్లలో చాలామంది మొదటి పెద్ద కొండగా దీన్నే పెట్టుకుంటారు. గైడు లేకుండా ఎక్కనివ్వరు. మరంగు, మచామె, లెమోషో, రొంగాయ్ అని దారులు చాలా ఉన్నాయి. జనవరి నుంచి మార్చి మొదలు వరకు, జూన్ నుంచి అక్టోబర్ వరకు మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో వానలు.

అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఏ దారి తేలిక?" అని. అడగాల్సింది "ఎన్ని రోజులు?" అని. మరంగు దారిని ఐదు రోజుల్లో ముగిస్తారు, మచామె ఆరు లేదా ఏడు, లెమోషో ఏడు లేదా ఎనిమిది. పైన గాలిలో ఆక్సిజన్ వాటా తగ్గదు, ఎక్కడైనా 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. శిఖరం మీద అది సముద్రమట్టంలో ఉన్నదాంట్లో సగానికి వచ్చేస్తుంది, అంటే ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజనూ సగమే. శరీరం దీనికి అలవాటు పడుతుంది కానీ రోజులు పడుతుంది. ఊపిరి వేగం పెరగాలి, మూత్రపిండాలు రక్తంలోని క్షారాన్ని బయటికి పంపాలి. ఎత్తుల మీద మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి వస్తుంటే విసుక్కోకండి, పని జరుగుతోందన్నమాట.

3000 మీటర్లు దాటాక పడుకునే చోటును రాత్రికి 500 మీటర్లకు మించి పెంచవద్దని, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగమని ఎత్తుల వైద్యం తెలిసినవాళ్లు చెబుతారు. కిలిమంజారోలో జనం ఎక్కువగా వెళ్లే దారులేవీ ఈ నియమాన్ని పూర్తిగా పాటించవు. కాబట్టి డబ్బు మిగిల్చాలంటే బూట్లలో మిగల్చండి, హోటల్లో మిగల్చండి, రోజుల్లో మాత్రం వద్దు.

బ్రాంచి పెట్టేటప్పుడు నేను చేసింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. పెట్టుబడి ఎంత అని లెక్క వేశాను, ఎన్ని నెలలు అని వేయలేదు. షోకేసులకు, ఏసీకి, పేరు బోర్డుకు పోసేసి, అమ్మకం లేకుండా తట్టుకునే నెలలు మూడే మిగుల్చుకున్నాను. కొత్త పేటలో మిఠాయి నాలుక్కి అలవాటు కావాలంటే ఒక దసరా, ఒక దీపావళి, ఒక సంక్రాంతి, ఒక పెళ్లిళ్ల సీజను గడవాలి. మీ దగ్గరున్న డబ్బును నెలల్లోకి మార్చి చూడండి. పన్నెండు రాకపోతే బోర్డు చిన్నది చేయించండి.

చవక ధర ఎక్కడ కోశారో వెతకండి

ట్రిప్పు నడిపే కంపెనీలు చెప్పే ధరల్లో తేడాలు చూస్తే ఆశ పుడుతుంది. ఒక్క క్షణం వ్యాపారిలా ఆలోచించండి. పార్కు ఫీజులు అందరికీ ఒకటే, క్యాంపు ఖర్చు కలుపుకుంటే మనిషికి రోజుకు వంద డాలర్లు దాటుతాయి. అందులో ఎవరూ రాయితీ ఇవ్వలేరు. మరి చవక ఎక్కడి నుంచి వచ్చింది? ఒక రోజు తగ్గించి ఉండాలి, లేదా తిండిలో, గుడారాల్లో, మోసేవాళ్ల కూలిలో కోసి ఉండాలి. నెయ్యి మిఠాయిని నూనె మిఠాయి ధరకు ఇస్తానని ఎవరైనా అంటే నేను అడిగే ప్రశ్నే ఇదీ.

అడ్వాన్సు పంపే ముందు ఇవి అడగండి: పోర్టర్లకు రోజు కూలి ఎంత, వాళ్లకు మూడు పూటలా భోజనం ఉందా, అసిస్టెంట్ గైడు ఉన్నారా, వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే పరికరం రోజూ వాడతారా, అత్యవసరానికి ఆక్సిజన్ సిలిండర్ వెంట ఉంటుందా. పోర్టర్ల పని పరిస్థితులను చూసే కిలిమంజారో పోర్టర్స్ అసిస్టెన్స్ ప్రాజెక్ట్ అనే సంస్థ ఒకటి ఉంది, దానితో కలిసి పనిచేసే కంపెనీయా అని కూడా అడగండి. ఇన్సూరెన్స్ పాలసీలో 6000 మీటర్ల వరకు అని అక్షరాలా ఉందో లేదో చదవండి. మామూలు ప్రయాణ పాలసీలు చాలావరకు అంతకంటే కిందే ఆగిపోతాయి. ఎల్లో ఫీవర్ టీకా సంగతి బయల్దేరే ముందే కనుక్కోండి.

మెట్లు ఎక్కండి, అంతకంటే ఎక్కువగా దిగండి

నాలుగైదు నెలల తయారీ చాలు. నేను వారంలో ఐదు రోజులు గంటసేపు నడిచాను, ఆదివారాలు మంగళగిరి కొండ మెట్లు, కోటప్పకొండ. నెలకోసారి తిరుపతి వెళ్లి అలిపిరి నుంచి 3550 మెట్లు, వీపున ఏడు కిలోల సంచితో. మొక్కుకున్నాననుకుని దారిలో అందరూ చాలా మర్యాద చేశారు. దిగేటప్పుడు బస్సెక్కకండి. మోకాళ్ల పని పట్టేది దిగుడే, ఆ సాధన ఎవరూ చేయరు.

ఒక్కటి మాత్రం ఇక్కడ సాధన చేయలేం, ఎత్తు. ఆంధ్రప్రదేశ్‌లో తూర్పు కనుమల్లో ఎత్తైన కొండలు కూడా 1700 మీటర్లు దాటవు. దమ్ము ఉండటం వేరు, ఎత్తుకు అలవాటు పడటం వేరు. రోజూ పది కిలోమీటర్లు పరుగెత్తే కుర్రాళ్లు మూడో రోజు వాంతులు చేసుకుంటుంటే నేను కళ్లారా చూశాను. దమ్మున్నవాడు వేగంగా నడిచి ముందుగా దెబ్బతింటాడు.

మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి ఆ అమ్మాయికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. వార్తల్లో మనకు గుర్తుండిపోయింది ఆ వయసే. అంతకు ముందు భువనగిరి రాతిగుట్ట, ఆ తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లద్దాఖ్ చలి ఉన్నాయి. మెట్టు మీద మెట్టు. నేను గుంటూరు నుంచి ఒక్క గంతులో కూకట్‌పల్లి వెళ్లాను, మధ్యలో విజయవాడ ఉందని కూడా గుర్తు రాలేదు.

కాగితం రాయండి

ఈ ఒక్క పని చేస్తే మిగతా వాటిలో తప్పులు జరిగినా ఇంటికి చేరతారు.

ఎత్తు వల్ల వచ్చే జబ్బు తలనొప్పితో మొదలవుతుంది. ఆకలి పోతుంది, వికారం, నీరసం, నిద్ర పట్టదు. ఇంతవరకు మామూలే, ఆగితే తగ్గుతుంది. ముదిరితే రెండు దారుల్లో ప్రాణం మీదికి వస్తుంది: మెదడు వాస్తుంది, లేదా ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మెదడు వాచిన మనిషి తాగినవాడిలా తూలుతాడు, మాట తడబడుతుంది. కానీ అడిగితే "నాకేం కాలేదు, పదండి" అంటాడు. ఆ మాట కూడా జబ్బులో భాగమే. ఎందుకంటే తన పరిస్థితిని కొలవాల్సిన పరికరమే పాడైంది.

నా బ్రాంచి ఏడో నెలలో నేను రోజూ ఒక మాట అనేవాణ్ణి: "వచ్చే నెల పుంజుకుంటుంది." ఎనిమిదో నెలలో మా ఆవిడ గాజులు కుదువ పెట్టి వచ్చి కూడా అదే అన్నాను.

1996 మే 10న ఎవరెస్ట్ మీద జరిగింది పర్వతారోహణ చదివే ప్రతివాళ్లకూ తెలుసు. మధ్యాహ్నం రెండు దాటితే ఎక్కడున్నా వెనక్కి తిరగాలన్న మాట ఆ రోజు ఎక్కుతున్న బృందాల్లో ఉండనే ఉంది. రెండు దాటాక కూడా పైకి వెళ్లినవాళ్లున్నారు. సాయంత్రం తుపాను వచ్చింది, రెండు రోజుల్లో ఎనిమిది మంది పోయారు. అందులో రెండు బృందాల నాయకులూ ఉన్నారు, ఆ రంగంలో పేరున్నవాళ్లు. వాళ్లకు నియమం తెలియక కాదు. శిఖరం కనిపిస్తోంది, డబ్బు కట్టారు, వారాల తరబడి కష్టపడ్డారు, ఇంకొంచెమే. అక్కడ నియమాన్ని అమలు చేయాల్సింది దాన్ని పెట్టిన బుర్రే, ఆ బుర్రకు ఆక్సిజన్ లేదు.

అందుకని బయల్దేరక ముందే, కడుపు నిండా తిని, ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని రాయండి. నా కాగితంలో నాలుగే ముక్కలు:

ఉదయం తొమ్మిదికి శిఖరం చేరకపోతే ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి.
తలనొప్పి మాత్రతో తగ్గకపోతే, లేదా వాంతులు ఆగకపోతే, ఇక పైకి లేదు.
గీత మీద నడవమంటే తూలినా, కూర్చున్నాక కూడా ఆయాసం తగ్గకపోయినా అర్ధరాత్రయినా సరే కిందికి.
గైడు మాటే ఆఖరు, అప్పుడు నేనేం వాదించినా లెక్కలోకి తీసుకోవద్దు.

ఆ నాలుగో ముక్కే ప్రాణం. కింద సంతకం పెట్టి ఒక కాపీ గైడుకి, ఒకటి తోడు వచ్చేవాళ్లకి ఇవ్వండి. మా గైడు చదివి నవ్వాడు కానీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కాగితం ఉంటే కొండ వదిలేస్తుందని అనను. నెల్లూరు జిల్లా నుంచి వెళ్లిన మల్లి మస్తాన్‌బాబు గారు ఐఐఎం కలకత్తాలో చదివి, 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కారు. ఆయనే 2015లో ఆండీస్‌లో వాతావరణానికి చిక్కి వెనక్కి రాలేదు. మన చేతిలో లేనిది చాలా ఉంది. ఉన్న కాస్తనైనా ముందే రాసి పెట్టుకోవాలి.

వ్యాపారానికీ ఇలాంటిదే ఒకటి రాయండి. ఇప్పుడు మా బీరువాలో ఉంది: వరసగా మూడు నెలలు అమ్మకంలో మిగిలింది అద్దెకు, జీతాలకు చాలకపోతే నోటీసు ఇవ్వాలి. ఇంట్లో బంగారం ముట్టకూడదు. బీరువా తాళం, ఆఖరి మాట, రెండూ మా ఆవిడవే.

డయామాక్స్ అనే మాత్ర గురించి మీరు వినే ఉంటారు. ఊపిరి పెంచి శరీరం త్వరగా అలవాటు పడేలా చేస్తుంది. డాక్టరును అడిగే వాడండి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి తప్పక చెప్పండి. ఇంటి దగ్గరే ఒకసారి వేసుకుని చూడండి, వేళ్లు తిమ్మిరెక్కితే కంగారు పడనక్కర్లేదని అప్పుడే తెలుస్తుంది.

కొండ మీద: ఎక్కి, చూసి, దిగి పడుకోండి

మొదటి రోజు నుంచే "పోలె పోలె" అంటారు. స్వాహిలీలో మెల్లగా మెల్లగా అని. పక్కవాళ్లతో మాట్లాడుతూ నడవగలగాలి, మాట తెగితే వేగం ఎక్కువైనట్టే. రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగండి. ఆకలి లేకపోయినా తినండి. నేను కందిపొడి, జంతికలు, పల్లీ చిక్కీ తీసుకెళ్లాను. చిక్కీ చలికి రాయైపోయి పన్ను కదిలింది, మన సరుకు మీద మనకు నమ్మకం మరీ ఎక్కువ ఉండకూడదు.

మచామె దారిలో మూడో రోజు ఒక వింత జరుగుతుంది. పొద్దున సుమారు 3800 మీటర్ల నుంచి లావా టవర్ దాకా ఎక్కిస్తారు, భోజనం పెడతారు, మళ్లీ 3900 మీటర్ల దగ్గరున్న బరాంకో క్యాంపుకి దించేస్తారు. రోజంతా నడిచి మిగుల్చుకున్న ఎత్తు వంద మీటర్లు! అక్కడే కొందరు కోప్పడతారు. కానీ ఆ మధ్యాహ్నం శరీరం పై ఎత్తు రుచి చూసింది, రాత్రి కింద కోలుకుంటుంది. మొత్తం దారిలో విలువైన రోజు అదే.

దీన్ని కొట్టుకు ఎలా వర్తింపజేయాలో నాకు ఆలస్యంగా తెలిసింది. ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా హైదరాబాద్ నాంపల్లిలో నుమాయిష్ అనే పెద్ద ఎగ్జిబిషన్ జరుగుతుంది. బ్రాంచికి బదులు అక్కడ ఒక స్టాల్ తీసుకుని ఉంటే, నలభై ఆరు రోజుల్లో హైదరాబాద్ మా పూతరేకులు కొంటుందో, బూందీ మిఠాయి కొంటుందో, రెండూ వద్దని మొక్కజొన్న పొత్తు కొనుక్కుంటుందో తెలిసిపోయేది. తెలుసుకుని గుంటూరు వచ్చి పడుకునేవాణ్ణి. కొత్త ఊరికి వెళ్లే ముందు మీరు దిగి రాగలిగే ఎక్కుడు ఒకటి వెతుక్కోండి.

రోజూ సాయంత్రం క్యాంపు చేరేసరికి గుడారం వేసి, వేణ్నీళ్లు పెట్టి ఉంటారు పోర్టర్లు. మన తర్వాత బయల్దేరి, మనల్ని దాటి వెళ్లి, ఇరవై కిలోల దాకా మోసుకుని మనకంటే ముందు చేరతారు. వాళ్ల పేర్లు మొదటి రోజే నేర్చుకోండి. నేను నాలుగో రోజు నేర్చుకున్నాను. కొట్టు వెనక బట్టీ దగ్గర నిలబడేవాళ్లలో ఇద్దరి ఇంటిపేర్లు నాకు తెలియవని అక్కడే గుర్తొచ్చింది.

శిఖరం రాత్రి

బరాఫు క్యాంపు సుమారు 4670 మీటర్ల మీద ఉంటుంది. ఆ మాటకు అర్థమే మంచు. అర్ధరాత్రి బయల్దేరతారు, ఆరేడు గంటల ఎక్కుడు, చలి సున్నాకు పది పదిహేను డిగ్రీలు కిందికి పోతుంది. నీళ్ల సీసాను తలకిందులుగా పెట్టుకోండి, పైన గడ్డకట్టినా మూత దగ్గర నీరు మిగులుతుంది. గొట్టంతో తాగే సంచీలు పనికిరావు. ఫోను, బ్యాటరీలు ఒంటికి ఆనించి లోపలి జేబులో ఉంచండి. ముందున్నవాళ్ల మడమలు చూస్తూ నడవడమే, తలెత్తి పైనున్న దీపాల వరసను చూడకండి.

నాతో వచ్చిన మా బావమరిది కూడా అలాంటి కాగితం మీదే సంతకం పెట్టాడు. సుమారు 5200 మీటర్ల దగ్గర వాడు రెండోసారి వాంతి చేసుకుని కూలబడ్డాడు. "బావా, ఐదు నిమిషాలు ఆగి వస్తాను, ఇంతదూరం వచ్చి ఎలా?" అన్నాడు. నేను కూడా ఐదు నిమిషాలు చూద్దామనే అనబోయాను. గైడు ఏమీ మాట్లాడకుండా గ్లవ్ తీసి, జేబులోంచి వాడి సంతకం ఉన్న కాగితం తీసి, హెడ్‌ల్యాంప్ వెలుగులో చూపించాడు. వాడు బూతులు తిట్టి లేచాడు. అసిస్టెంట్ గైడు వాణ్ణి దించాడు. ఆ రెండో మనిషి లేకపోతే నేనూ దిగాల్సిందే, లేదా వాణ్ణి అక్కడ వదలాల్సిందే. బరాఫు చేరేసరికి వాడికి ఆకలేసిందట.

నేను 5756 మీటర్ల స్టెల్లా పాయింట్ దగ్గర సూర్యోదయం చూశాను, ఏడూ నలభైకి ఉహురు చేరాను. పావుగంట ఉన్నాను. ఫొటోలో నా కళ్లు మూసుకుని ఉన్నాయి.

దిగడమే వసూలు

శిఖరం నుంచి అదే రోజు ఎంవెకా క్యాంపు దాకా, దాదాపు 2800 మీటర్లు దిగాలి. రాత్రంతా నిద్ర లేదు, పని అయిపోయిందన్న ధీమా ఉంటుంది, కాలి కింద జారుడు మట్టి. బొటనవేళ్ల గోళ్లు ముందే కత్తిరించుకోండి, బూటు లేసులు పాదం పైన బిగించండి, రెండు కర్రలూ వాడండి, మోకాళ్లు కాస్త వంచి చిన్న అడుగులు వేయండి.

మా వ్యాపారంలో అమ్మకం శిఖరం, వసూలు దిగుడు. పెళ్లికి ఐదొందల కిలోల లడ్డూ ఆర్డరు పట్టిన రోజు ఊరంతా చెప్పుకుంటాం, బాకీ రాబట్టడానికి ఎవరూ శాలువా కప్పరు. ఇప్పుడు పెద్ద ఆర్డరు ఒప్పుకునేటప్పుడే సగం అడ్వాన్సు, మిగతాది సరుకు బండెక్కక ముందు అని రాసి సంతకం తీసుకుంటున్నాను. పెళ్లి పందిట్లో నిలబడి అడగడం నా వల్ల కాదు, అక్కడా గాలి ఆడదు.

గేటు దగ్గర సర్టిఫికెట్ ఇస్తారు. టిప్పు డబ్బులు ఇంటి దగ్గరే లెక్కవేసి, వేర్వేరు కవర్లలో పెట్టి తీసుకెళ్లండి. అది దానం కాదు, వాళ్ల సంపాదనలో భాగం.

ఇంటికొచ్చాక పదిహేను రోజులు ఏమీ తెరవకండి

ఇది ఎవరూ చెప్పరు. దిగాక వచ్చే ఉత్సాహం కూడా పలచటి గాలే. తిరుగు విమానంలో నేను పదకొండు కొత్త ఆలోచనలు రాసుకున్నాను. అందులో ఎగుమతి ఉంది, ఫ్రాంచైజీ ఉంది, "శిఖరం స్వీట్స్" అని పేరు మార్చడం కూడా ఉంది. ఆ కాగితాన్ని మా ఆవిడ చదవకుండానే బీరువాలో పెట్టి తాళం వేసింది. పదహారో రోజు తీసి చూస్తే రెండు మిగిలాయి. ఒకటి వచ్చే నుమాయిష్‌లో స్టాల్‌కు దరఖాస్తు. రెండోది బట్టీ గదికి పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాను. అది ఆ వారమే పెట్టించాను. మిఠాయి మాస్టరు కింద నిలబడి తల పైకెత్తి చూసి, "ఇన్నాళ్లకు గాలొచ్చింది బాబూ" అన్నాడు.